తాడు సంగతి నాకొదిలెయ్, గాలి సంగతి నువ్వు చూసుకో

హఫీజ్‌పేట్,
హైదరాబాద్.

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నీ ప్రయాణం పట్టిక అందింది. ఫోనులో ఆ గళ్ళు నా కంటికి ఆనడం లేదంటే మీ మామయ్య మాదాపూర్‌లో తన ఆఫీసులో ప్రింటు తీసి తెచ్చిచ్చాడు. మీ అమ్మానాన్నలు, మీ నాన్నమ్మ మ్యూనిక్‌లో దిగిన మూడో రోజు, జూన్ నెలలో శనివారం పూట, వాళ్ళను జుగ్‌స్పిట్జె శిఖరం మీదికి కేబుల్ కార్‌లో ఎక్కించాలని నీ ఆలోచన. పొద్దుటి కాఫీ దగ్గర్నుంచి రాత్రి భోజనం దాకా నిమిషాలతో సహా వేశావు. ఈ సైబరాబాద్ పిల్లలు పెళ్ళిచూపులకైనా ఇలాగే పట్టిక వేస్తారు, నీ తప్పేం లేదు.

సరిదిద్దమన్నావు, సరిదిద్దుతాను. కానీ ముందు మీ అమ్మ భయం తీర్చాలి. రోజూ ఫోన్ చేసి ఒకటే అడుగుతోంది: "నాన్నా, నూట ఇరవై మందిని ఒక పెట్టెలో ఎక్కించి అంత ఎత్తున వేలాడదీస్తారంట. తాడు తెగితే?" కొత్తగూడెంలో షాఫ్టు మీద వైండింగ్ తాళ్ళు చూసుకుంటూ ఉద్యోగం చేసినవాడిని కదా, ఈ ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలి. నా మాట ఆమెకు చదివి వినిపించు.

మీరు ఎక్కబోయే రోప్‌వే 2017 డిసెంబరు 21న మొదలైంది. ఐబ్‌సే చెరువు ఒడ్డున సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఎక్కితే పది నిమిషాల్లో 1,945 మీటర్లు పైకి తీసుకెళ్తుంది. శిఖరం ఎత్తు 2,962 మీటర్లు, జర్మనీలో అంతకంటే ఎత్తయిన చోటు లేదు. దారిలో ఉక్కు స్తంభం ఒక్కటంటే ఒక్కటే, దాని ఎత్తు 127 మీటర్లు. ఆ స్తంభం దాటాక శిఖరం దాకా 3,213 మీటర్లు తాడుకు కింద ఏ ఆసరా లేదు. మన దుర్గం చెరువు తీగల వంతెన చూసి ముచ్చటపడతాం కదా, దాని నడిమి స్పాన్ 234 మీటర్లు. దానికి పదమూడు రెట్లు దాటిన దూరం ఆ తాడు గాలిలో నిలబడుతుంది. ప్రారంభించిన రోజున ఈ మూడు అంకెలూ, అంటే ఉక్కు స్తంభం ఎత్తు, ఎక్కే ఎత్తు, ఆసరా లేని దూరం, ప్రపంచ రికార్డులే.

తాడు ఒక్కటే అనుకుంటోంది మీ అమ్మ. ఒక్కటి కాదు. క్యాబిన్ చక్రాలు పరుగెత్తే తాళ్ళు వేరు, లాగే తాడు వేరు. పరుగెత్తే తాళ్ళు కదలవు, రైలు పట్టాల్లా పడి ఉంటాయి. ఒక్కో క్యాబిన్‌కు అలాంటివి రెండు. వాటి పై వరస తీగలు గుండ్రంగా ఉండవు, ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా తయారుచేస్తారు. అందుకే పైభాగం నున్నగా ఉంటుంది, నీళ్ళు లోపలికి దిగవు, ఒక తీగ తెగినా బయటికి లేవదు. లాగే తాడు ఈ రెంటికీ వేరు. ఒక క్యాబిన్ దిగుతుంటే దాని బరువు రెండోదాన్ని పైకి లాగడానికి సాయపడుతుంది. మా షాఫ్టులో రెండు కేజ్‌లూ అంతే, ఒకటి పైకి వస్తుంటే ఇంకొకటి కిందికి. ఇలాంటి రోప్‌వేలు చాలావాటిలో, లాగే తాడుకు ఏమైనా అయితే, క్యాబిన్ మీదున్న బ్రేకు పరుగు తాళ్ళను గట్టిగా పట్టుకుని అక్కడే ఆపేస్తుంది.

ఇదంతా పుస్తకాల్లో మాట. మరి ప్రమాదాలు జరగలేదా అంటే జరిగాయి. దాచడం నాకు చేతకాదు. 2021 మే 23న ఇటలీలో మొట్టరోనె అనే కొండ మీద, పైస్టేషను ఇంకొద్ది దూరంలో ఉందనగా లాగే తాడు తెగింది. పట్టుకోవలసిన బ్రేకు పట్టుకోలేదు. క్యాబిన్ వెనక్కి జారి పడిపోయింది. పద్నాలుగు మంది పోయారు, ఒక చిన్న పిల్లాడు మిగిలాడు. బ్రేకు ఎందుకు పట్టలేదో తెలుసా? అది మాటిమాటికీ దానంతటదే పడి సర్వీసు ఆగిపోతోందని, పడకుండా దానికి ఇనుప కొక్కేలు బిగించి ఉంచారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మా వైండింగ్ ఇంజిన్ మీద రోజూ పొద్దున తాడును నెమ్మదిగా నడిపించి చూడనిదే మనుషుల్ని ఎక్కించేవాళ్ళం కాదు. కేజ్‌కు తాడు కలిసే చోట, అంటే తలకట్టు దగ్గర, లోపల తుప్పు పట్టినా బయటికి కనబడదు. అందుకే ఆరు నెలలకోసారి ఆ కొస కోసేసి కొత్తగా కట్టాలని గని చట్టం. మొట్టరోనెలో తెగింది కూడా క్యాబిన్ తలకట్టు దగ్గరే.

మన దేశంలోవి రెండు చెబుతాను. 2017 జూన్‌లో గుల్మార్గ్ గొండోలాలో ఈదురుగాలికి చెట్టు కూలి తాడు మీద పడింది, ఏడుగురు పోయారు. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్ దేవఘర్ దగ్గర త్రికూట పర్వతం రోప్‌వేలో క్యాబిన్లు గాలిలో చిక్కుకుపోయాయి. నలభై గంటలు దాటినా జనం అక్కడే ఉంటే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి తాళ్ళతో దించాయి. ముగ్గురు దక్కలేదు.

ఈ మూడింట్లో ఒక్కటి కూడా బరువు మోయలేక తాడు తెగిన ప్రమాదం కాదు చూడు. ఒకచోట మనిషి బ్రేకును కట్టేశాడు, ఒకచోట గాలి, ఒకచోట చిక్కుకున్నవాళ్ళను వెంటనే దించలేకపోవడం. ఇక మీరు ఎక్కే రోప్‌వే సంగతి. 2018 సెప్టెంబరులో అక్కడ ప్రమాదం వస్తే జనాన్ని ఎలా దించాలో సాధన చేస్తుంటే, సాయానికి పంపే బండి జారి ఖాళీ క్యాబిన్‌ను గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా డిసెంబరు దాకా మూసేశారు. ఏటా వసంతంలో, శరత్తులో కొద్దిరోజులు తనిఖీకి ఆపుతారు కూడా. టికెట్ల డబ్బు పోయినా ఆపేవాళ్ళ తాడు ఎక్కడానికి నాకు భయం లేదు. మీ అమ్మకు ఆ మాట చెప్పు. తాడు పూచీ నాది.

గాలి పూచీ మాత్రం ఎవరిదీ కాదు. ఆ శిఖరం మీద 1900 నుంచి వాతావరణ కేంద్రం ఉంది. అక్కడ నమోదైన అన్నిటికంటే పెద్ద గాలి వేగం గంటకు 335 కిలోమీటర్లు. ఏ రోజున అనుకున్నావు? 1985 జూన్ 12. నువ్వు ఎంచుకున్న నెలే. ఎండాకాలం కదా అని కొండ ఊరుకోదు. గాలి ఒక హద్దు దాటితే రోప్‌వే ఆపేస్తారు. ఆల్ప్స్‌లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు మామూలే, పొద్దున అద్దంలా ఉన్న ఆకాశం మూడు గంటలకల్లా నల్లబడుతుంది. దక్షిణం నుంచి ఫ్యోన్ అనే వేడిగాలి వీచిన రోజు ఇంకా చిత్రం. మ్యూనిక్ నుంచి చూస్తే కొండలు చేతికందేంత స్పష్టంగా కనిపిస్తాయి, పైన మాత్రం నిలబడనివ్వదు.

నేనూ మీ అమ్మమ్మా గుల్మార్గ్ వెళ్ళినప్పుడు ఇదే చూశాం. అక్కడ రెండు అంచెలు. గుల్మార్గ్ నుంచి కొంగ్‌డోరి దాకా 1998లో వచ్చింది, కొంగ్‌డోరి నుంచి అఫర్వత్ భుజం మీదికి 2005లో. రెండో అంచె ఆగేది సుమారు 3,950 మీటర్ల దగ్గర, అంటే మీ జుగ్‌స్పిట్జె కంటే దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కువ. మేము వెళ్ళిన రోజు కొంగ్‌డోరిలో గాలి లేచి పై అంచె ఆపేశారు. మమ్మల్ని తీసుకెళ్ళిన టూరు వాళ్ళ కాగితంలో మర్నాడు పొద్దున్నే పహల్గామ్ అని రాసి ఉంది, కాబట్టి ఇక అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు రోప్‌వే సిబ్బందితో కొట్లాటకు దిగారు, ఆన్‌లైన్‌లో ముందుగా కొన్న టికెట్ల కాగితాలు వాళ్ళ మొహాల ముందు ఊపుతూ. గాలికి టికెట్ చూపిస్తే ఏం లాభం? మా అపార్ట్‌మెంటులో ఏటా ఎండాకాలం కశ్మీరు వెళ్ళొచ్చేవాళ్ళలో సగం మంది కథ ఇదే. ఒక్క రోజు, ఒక్క స్లాటు.

నీకా బాధ లేదు. నువ్వున్నది మ్యూనిక్‌లో. కొండ కింది ఊరు గార్మిష్‌కు లోకల్ రైల్లో గంటన్నర లోపు. వాళ్ళు అక్కడ ఉండేది నెల రోజులు. మరి ఆ మూడో రోజు శనివారమే ఎందుకు? నాకు తెలుసు ఎందుకో. ఐదుగురి దాకా ఒకే టికెట్టుతో తిరిగే ఆ బవేరియా టికెట్టు మామూలు రోజుల్లో తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే. పొద్దున్నే బయల్దేరాలంటే శనివారమే కుదురుతుందని లెక్కేశావు. తెలివైన లెక్కే. కానీ పైకి వెళ్ళే టికెట్టు తలకు డెబ్బై యూరోలు దాటుతుంది, నలుగురికి ముప్పై వేల రూపాయలకు అటూఇటూ. అంత పెట్టి, రైలు ఛార్జీలో మిగిలే నాలుగు డబ్బుల కోసం రద్దీ రోజు ఎంచుకోవడం దేనికి? నీ నెలవారీ టికెట్టు గార్మిష్ దాకా ఎలాగూ పనికొస్తుంది, కొండ రైలుకు మాత్రం చెల్లదు. మిగతా ముగ్గురికీ మామూలు టికెట్లు కొను. మామూలు రోజుల్లో రెండు మూడు తేదీలు ఖాళీగా అట్టిపెట్టుకో. ఆ ఉదయం లేచి శిఖరం మీది వెబ్‌క్యామ్ చూడు, గాలి వేగం చూడు, బాగుంటే టికెట్టు తీసి కదులు. బాగోలేకపోతే పడుకో. దిగిన మూడో రోజు అసలే వద్దు, ఇంకా వాళ్ళకు నిద్ర కూడా కుదరదు.

ఇక ఎక్కే తీరు. నీ పట్టికలో రోప్‌వేలో ఎక్కి, పళ్ళ చక్రాలతో కొండెక్కే పళ్ళ రైల్లో దిగడం అని ఉంది. తిరగెయ్. టికెట్టు ఒకటే, ఏది ముందైనా వాళ్ళకు అభ్యంతరం లేదు. ఎందుకు తిరగెయ్యమంటున్నానో చెబుతాను.

హైదరాబాదు, మ్యూనిక్ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి, రెండూ సముద్రానికి ఐదు వందల మీటర్లు దాటి ఉంటాయి. అంటే మ్యూనిక్‌లో మీ నాన్నమ్మ పీల్చేది మన హఫీజ్‌పేట్ గాలే, దుమ్ము తప్ప. శిఖరం మీద మాత్రం ఒక్కో శ్వాసలో దొరికే ప్రాణవాయువు ఇక్కడి దానిలో నాలుగింట మూడు వంతులే. అలిపిరి మెట్లెక్కేవాళ్ళకు గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళే చెబుతుంది కాసేపు కూర్చోమని. రోప్‌వేలో ఆ గాలిగోపురం లేదు. తిరుమల కొండకు రెండింతలు దాటిన ఎత్తు పది నిమిషాల్లో ఎక్కించి దింపేస్తుంది. ఒళ్ళు కష్టపడలేదు కాబట్టి ఎత్తు ఎక్కినట్టే తెలియదు. తలుపు తెరుచుకోగానే అందరూ ఫోటోలకు పరుగెత్తుతారు, నాలుగు మెట్లెక్కాక ఆయాసం.

పళ్ళ రైలు 1930 నాటిది. గార్మిష్ నుంచి గంటా పావు పడుతుంది. గ్రైనావ్, ఐబ్‌సే దాటాక నాలుగు కిలోమీటర్లకు పైబడిన సొరంగంలోకి దూరి, 2,600 మీటర్ల దగ్గర ఒక విశాలమైన మంచు మైదానంలో తేలుతుంది. ఆ సొరంగం తొలిచినవాళ్ళ గురించి ఆలోచించు బిడ్డా, 1928లో మొదలుపెట్టి రెండేళ్ళలో చాలావరకు పూర్తి చేశారు. నేనైతే ఆ సొరంగం చూడ్డానికే వచ్చేవాడిని. పైన మైదానంలో దిగి గంటసేపు కూర్చోండి, టీ తాగండి. అక్కడే ష్నేఫెర్నర్ హిమానీనదం. దక్షిణపు భాగం 2022లో హిమానీనదం అనిపించుకునే అర్హత కూడా కోల్పోయింది, దాంతో జర్మనీ మొత్తం మీద నాలుగే మిగిలాయి. ఉత్తరపు భాగం మీ నాన్నకు చూపించు. ఆ తర్వాత చిన్న రోప్‌వేలో శిఖరానికి. ఆ గంటా రెండు గంటల్లో ఒళ్ళు పూర్తిగా అలవాటు పడిపోతుందని కాదు, దానికి రోజులు పడుతుంది. కానీ ఊపిరి కాస్త సర్దుకుంటుంది, ఎవరికి ఎలా ఉందో మీకు తెలిసిపోతుంది. ఎవరికైనా బాగోలేకపోతే అక్కణ్ణుంచే తిరిగి రైలెక్కొచ్చు. రాత్రి కింద పడుకునేది కాబట్టి అసలు కొండజబ్బు గురించి అంతగా బెంగ అక్కర్లేదు, అది మామూలుగా పైన ఆరేడు గంటలు గడిచాకే బయటపడుతుంది.

శిఖరం మీద నీ పట్టికలో నాలుగు గంటలున్నాయి. గంటన్నర చాలు. ఆ అంచున ఆస్ట్రియా సరిహద్దు, పాస్‌పోర్టులు అందరి దగ్గరా ఉండాలి, నీ రెసిడెన్స్ కార్డు కూడా. టెర్రస్ నుంచి కనబడే బంగారు శిలువ దగ్గరికి ఇనుప నిచ్చెన మీద జనం వరస కడతారు. మీ నాన్న వెళ్తానంటాడు. అది కొండ ఎక్కే దారి, టెర్రస్ కాదు, స్పోర్ట్స్ షూతో మంచు మీద జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వద్దని నేను చెప్పానని చెప్పు. కోప్పడితే నాకు ఫోన్ చెయ్యమను.

కింద కంటే పైన పన్నెండు పదమూడు డిగ్రీలు చల్లన. జూన్ కదా అని చీర మీద శాలువా చాలదు. స్వెట్టరు, దాని మీద గాలి దూరని జాకెట్టు, కాళ్ళకు సాక్సు బూటు. మంచు మీద ఎండ కళ్ళకు రెట్టింపు కొడుతుంది, నల్లద్దాలు మీ నాన్నమ్మకు కూడా కొను, సిగ్గుపడితే పడనీ. పులిహోర డబ్బా తీసుకెళ్ళు, పైన వంద మీటర్లు నడిచి లైన్లో నిలబడి కొనే తిండి మీ అమ్మకు ఎక్కదు. చిప్స్ ప్యాకెట్టు పైన బెలూనులా ఉబ్బుతుంది, గాలి ఒత్తిడి తగ్గడం వల్ల, భయపడకండి. చెవులు దిబ్బడ వేస్తే గుటకలు మింగడమే. వీసా కోసం ముప్పై వేల యూరోల ఇన్సూరెన్సు ఎలాగూ తీసుకున్నారు, అందులో కొండ మీద నుంచి దించే ఖర్చు వస్తుందో లేదో ఇక్కడుండగానే చదివించు. తీరిగ్గా చదివేవాళ్ళు ఎవరూ ఉండరు, ఆ పని మీ మామయ్యకు అప్పజెప్పాను.

చివరి మాట మీ నాన్నమ్మ గురించి. ఆమెకు బీపీ, మోకాళ్ళు. ఆమెను చూసే గుండె డాక్టరును బయల్దేరక ముందే అడగాలి, మూడు వేల మీటర్లని ఎత్తు చెప్పి మరీ అడగాలి. "రోప్‌వే ఎక్కొచ్చా" అని అడిగితే "ఎక్కమ్మా" అనేస్తారు.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మా గనిలో గంటల భాష ఉండేది. రెండు గంటలు కొడితే ఒకటి, మూడు కొడితే ఇంకొకటి. కేజ్ కదులుతున్నప్పుడు ఒక్క గంట మోగితే మాత్రం ఆపాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని వైండింగ్ డ్రైవరు అడగడు. ముందు ఆపుతాడు, కారణం తర్వాత. మీ నలుగురికీ అదే కట్టుబాటు పెట్టు. ఎవరైనా సరే "దిగుదాం" అంటే మారు మాట్లాడకుండా దిగడమే. టికెట్టు డబ్బుల ప్రస్తావన తేకూడదు, "ఇంకో పది నిమిషాలు" అనకూడదు.

చిక్కేమిటంటే మీ నాన్నమ్మ గంట కొట్టరు. మన పెద్దవాళ్ళకు ఆ అలవాటు లేదు. తల తిరుగుతున్నా "నాకేం ఫర్వాలేదు, మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటా" అంటారు. మనవరాలి డబ్బు పోతుందని, కొడుకు సరదా చెడుతుందని. కాబట్టి మాట తగ్గినా, అడక్కుండానే కూర్చున్నా, తిండి వద్దన్నా అదే గంట అనుకో. ఆమెకు మాత్రం ఇది ముందే చెప్పి ఉంచాలి, అక్కడికి వెళ్ళాక కాదు. నేను చెబితే వియ్యంకుడి మర్యాదకు ఊఁ అని ఊరుకుంటారు. నీ మాట వింటారు. మనకు సాయంత్రం ఆరు దాటితే ఆమె సీరియల్ చూస్తారు, అంతకు ముందే ఇవాళ ఫోన్ చేసి మాట్లాడు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య